నిమ్మకాయ, వేపమండ, కొవ్వొత్తి: ఇంటి రక్షల విషయములో హీబర్ట్ వాదముపై ఒక విమర్శ

1. ప్రవేశిక

దయ్యములను గురించి, చేతబడిని గురించి మన తెలుగు సంఘములలో ప్రసంగములకు కొదువ లేదు. గుమ్మమునకు వ్రేలాడే నిమ్మకాయను గురించి, పసిబిడ్డ చుట్టూ తిప్పి పొయ్యిలో వేసే ఎండుమిరపకాయలను గురించి ప్రసంగము మాత్రము అరుదు. పెద్ద భయములకు ఉపవాస కూటములున్నవి. చిన్న భయములకు మన దగ్గర ఉన్నది ఒక గద్దింపు, లేదా ఒక చిరునవ్వు. విశ్వాసులు ఏడాదికొకసారి పెద్ద భయములను, ప్రతి వారము చిన్న భయములను ఎదుర్కొంటారు. కాబట్టి మన బోధకు, వారి బ్రతుకునకు మధ్య ఖాళీ ఎక్కడున్నదో తెలుసుకోవాలంటే చిన్నవాటి దగ్గరే వెదకాలి.

ఈ వ్యాసములో "ఇంటి రక్షలు" అనే మాటను పరిమితమైన అర్థములో వాడుతున్నాము. మంత్రగాని పిలువకుండా, డబ్బు పెద్దగా ఖర్చు పెట్టకుండా, పెరటిలోను వంటింటిలోను దొరికే ఆకు, కాయ, ఉప్పు, దీపము వంటివాటితో ఇంటివారు తామే చేసుకునే రక్షణ క్రియలని మా భావము. తాయెత్తు కట్టించుకొనుట, సోది చెప్పించుకొనుట, చేతబడి తీయించుకొనుట వేరు. వాటిలో నిపుణుడుంటాడు, రుసుము ఉంటుంది. ఇంటి రక్షలో నిపుణురాలు అమ్మమ్మ.

ఈ విషయమును చర్చించే వేదాంత విద్యార్థులు దాదాపు అందరూ పాల్ హీబర్ట్ వ్రాతలను ఆధారము చేసుకుంటారు. అది సమంజసమే. అయితే ఆయన చెప్పినదానిని మనము సూత్రముగా వల్లించుచు, మన ఇళ్ళను ఆ సూత్రములో ఇరికిస్తున్నామని మా అభిప్రాయము. ఆయన వాదములోని మేలు ఏది, కొరత ఏది అని పరిశీలించుట ఈ విమర్శ ఉద్దేశము.

2. మన ఇళ్ళలో ఉన్నదేమిటి?

మొదట మొక్కల సంగతి. అంగడి గుమ్మమునకు నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు గుచ్చి కడతారు. కడుతున్న ఇంటికి బూడిద గుమ్మడికాయను వ్రేలాడదీస్తారు. ఇల్లు క్రైస్తవునిదే అయినా మేస్త్రీ దానిని కట్టుట, యజమాని చూచీ చూడనట్టు ఊరకుండుట మన కాపరులందరూ ఎరిగినదే. ద్వారబంధము పైన కలబందను తలక్రిందులుగా కడతారు. పిల్లకు ఆటలమ్మ పోస్తే గుమ్మమున వేపమండలు పెడతారు. బిడ్డ పాలు త్రాగక ఏడిస్తే ఉప్పు, ఎండుమిరపకాయలు పిడికిట పట్టి మూడుమార్లు తిప్పి నిప్పులో వేస్తారు. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలిందని అర్థము. పసుపు, సున్నము కలిపిన ఎర్రనీళ్ళు త్రిప్పి పారబోస్తారు. ఆటో ముందు అద్దమున యేసు నామము, బంపరు క్రింద నిమ్మకాయ కలిసి ప్రయాణము చేయుట మన పట్టణములలో వింత కాదు.

వీటిలో కొన్ని రక్షయో, వైద్యమో చెప్పలేని విధముగా కలిసి ఉంటాయి. బాలింతకు వావిలాకు కాచిన నీటితో స్నానము చేయించుట నొప్పులకు ఉపశమనము. వేపాకు దురదకు చల్లదనము. మశూచికము ఉన్న రోజులలో గుమ్మమున వేపమండ అమ్మవారికి గౌరవము మాత్రమే కాదు, "ఈ ఇంట రోగమున్నది, లోపలికి రావద్దు" అని ఊరికి చెప్పే గుర్తు కూడా. మన దేశములో మశూచికము చివరి కేసు 1975లో కనబడినది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ వ్యాధి భూమి మీద లేదని ప్రకటించినది. టీకా మశూచికమును తీసివేసినది గాని వేపమండను తీసివేయలేదు. అది తేలికైన ఆటలమ్మకు మారి నిలిచినది. భయము తగ్గినను ఆచారము నిలిచినదంటే, దానిని నిలుపుతున్నది భయము ఒక్కటే కాదని గ్రహించాలి. జబ్బుపడిన బిడ్డ దగ్గర తల్లి చేతికి ఏదో ఒక పని కావలెను. వేపమండ ఆ పని.

ఇక కొవ్వొత్తి. ఇది మన ఇంటికి సంఘము ద్వారా వచ్చినది. కథోలిక సంఘములో ఫిబ్రవరి 2న కొవ్వొత్తులను ఆశీర్వదించే ఆచారము ప్రాచీనము. విజయవాడ గుణదలలో ఫిబ్రవరి 11న ముగిసే ఉత్సవములకు మొక్కుబడిగా కొవ్వొత్తులు తెచ్చేవారిలో క్రైస్తవేతరులు కూడా అనేకులు. 1924లో ప్రతిష్ఠింపబడిన మెదకు దేవాలయము ప్రొటెస్టంటు సంఘమునకు చెందినదైనను క్రిస్మసు నాడు అక్కడ కొవ్వొత్తి వెలిగించుటకు అన్ని మతములవారూ వస్తారు. నవంబరు 2న సమాధుల మీద వెలిగే దీపములకు సంఘశాఖ భేదము తక్కువ. కరెంటు పోయినప్పుడు వెలిగించే వస్తువే ఇక్కడ మొక్కుగా, జ్ఞాపకముగా, కొన్ని ఇళ్ళలో కర్పూరమునకు బదులు దిష్టి తీసే దీపముగా మారుతున్నది. నిమ్మకాయ హిందూ వస్తువు, కొవ్వొత్తి క్రైస్తవ వస్తువు అని మనము తేలికగా విభజించుకున్నాము. అందుచేత నిమ్మకాయను అడిగిన ప్రశ్న కొవ్వొత్తిని అడుగుటలేదు.

3. హీబర్ట్ వాదము, దాని మేలు

పాల్ హీబర్ట్ మనకు పరాయివాడు కాడు. మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీల కుమారునిగా 1932లో శంషాబాదులో జన్మించాడు. తానును మిషనరీగా అదే ప్రాంతమునకు వచ్చాడు. తెలంగాణ పల్లె కొండూరును గురించి ఆయన చేసిన మానవశాస్త్ర పరిశీలన 1971లో గ్రంథముగా వెలువడినది. 1982లో ప్రచురించిన వ్యాసములో ఆయన, తాను పొందిన పాశ్చాత్య శిక్షణలో లోకము రెండు అంతస్తులుగా ఉండెనని ఒప్పుకున్నాడు. పై అంతస్తులో దేవుడు, నిత్యజీవము, పాపక్షమాపణ. క్రింది అంతస్తులో విజ్ఞానశాస్త్రము, మందులు, పంటలు. గ్రామస్థులకైతే మధ్యలో మరొక అంతస్తున్నది: ఆత్మలు, పితరులు, గ్రహములు, దిష్టి, రక్షలు. మిషనరీ పై అంతస్తుకు సువార్తను, క్రింది అంతస్తుకు ఆసుపత్రిని తెచ్చాడు. మధ్య అంతస్తు ప్రశ్నలకు అతని దగ్గర జవాబు లేదు. అందుచేత విశ్వాసి ఆదివారము దేవాలయమునకు, మిగిలిన రోజులలో మంత్రగాని యొద్దకు వెళ్ళెను.

ఈ పరిశీలన యథార్థము. ల్యూక్, కార్మన్ అనే ఇద్దరు పరిశోధకులు మెదకు ప్రాంతపు గ్రామ సంఘమును పరిశీలించి 1968లో వెలువరించిన గ్రంథము కూడా, బాప్తిస్మముతో గ్రామదేవతల లోకమునకు తెర పడలేదని చూపినది. అంతకు ముందే బాప్తిస్టు మిషనరీ ఎల్మోర్ 1915లోను, మద్రాసు బిషప్పు వైట్‌హెడ్ 1916లోను గ్రామదేవతలను గురించి గ్రంథములు వ్రాసిరి. సమాచారము ఉన్నది, దానిని కాపరి పనికి కలిపే ఆలోచన కొరతగా ఉండెను. ఆ లోటును హీబర్ట్ పూరించాడు.

1987లో ఆయన మరొక వ్యాసములో విమర్శనాత్మక సందర్భీకరణ అనే పద్ధతిని ప్రతిపాదించాడు. పాత ఆచారమును విచారించకుండా త్రోసివేస్తే అది చాటుకు వెళ్తుంది. విచారించకుండా చేర్చుకుంటే మిశ్రమ మతమవుతుంది. కాబట్టి సంఘము కూడి మొదట ఆచారమును అర్థము చేసుకోవలెను, తరువాత లేఖనమును పరిశీలించవలెను, ఆ వెలుగులో ఏది విడువవలెనో, ఏది మార్చుకొనవలెనో తామే నిర్ణయించుకొనవలెను. ఇది కాపరి అధికారమును తగ్గించి సంఘ వివేచనను పెంచే మార్గము. ఇంత మేలు చేసినవానిని విమర్శించునప్పుడు కృతజ్ఞత మరువరాదు.

4. మొదటి కొరత: దిష్టి ఎక్కడినుండి వస్తుంది?

హీబర్ట్ మధ్య అంతస్తును మరల రెండు వరుసలు చేశాడు. ఆత్మలు, పితరులు వంటి జీవులు ఒక వరుస. మంత్రము, గ్రహబలము, దిష్టి వంటి శక్తులు మరొక వరుస. ఆయనను చదివిన మనవారు ఈ భేదమును కూడా చెరిపివేసి, మధ్యలో ఉన్నదంతా సాతాను పని అని ఒకే సంచిలో వేశారు. ఆ తప్పు హీబర్ట్‌ది కాదు. అయితే దిష్టిని శక్తుల వరుసలో పెట్టుట కూడా సరిపోదని మా వాదము.

దిష్టి తీసేటప్పుడు తల్లి అనే మాటలను శ్రద్ధగా వినండి. అందులో సాధారణముగా ఏ దేవత పేరూ ఉండదు. ఇరుగువారు, పొరుగువారు, దారిని పోయినవారు, వచ్చి చూచిపోయినవారు - ఇట్లు మనుష్యుల వరుస ఉంటుంది. నరుని కంటికి నల్లరాయి కూడా పగులుతుందని సామెత. అంటే ఇక్కడ కీడునకు మూలము ఆత్మ కాదు, ఆకాశములోని శక్తి కాదు, పొరుగువాని చూపు. ఆ చూపు వెనుక అసూయ. ఆ అసూయ వెనుక లేమి. ఒకరి బిడ్డ ఒళ్ళు చేసినదంటే, ఒకరి ఇంటికి స్లాబు పడినదంటే, మరొకరికి అది దక్కలేదని అర్థమయ్యే వీధులలో దిష్టి పుడుతుంది. దిష్టి పొరుగు సంబంధమునకు పట్టిన జబ్బు.

లేఖనము ఈ సంగతిని ఎరుగును. మార్కు 7:22లో ప్రభువు హృదయములోనుండి బయలువెళ్ళు చెడుతనములను లెక్కించునప్పుడు మూలభాషలో ఉన్నది "చెడ్డ కన్ను" అనే మాట. మన తెలుగు బైబిలు దానిని మత్సరమని అనువదించినది. మత్తయి 20:15లో ద్రాక్షతోట యజమానుడు పనివానిని అడిగిన ప్రశ్నలో కూడా అదే కన్ను ఉన్నది. మన అనువాదకులు కడుపుమంట అన్నారు. అనువాదము సొగసైనదే, భావము సరియైనదే. అయితే కన్ను అనే మాట కనుమరుగగుటచేత, దిష్టిని గురించి యేసు మాటలాడెనని తెలుగు చదువరికి తెలియకుండా పోయినది. గలతీయులకు 3:1లో భ్రమపెట్టుట అని మనము చదివే చోట మూలములోని క్రియ కూడా దిష్టి పెట్టుటకు వాడుకలో ఉండినదే.

ఈ రెండు సువార్త వాక్యములలో గమనింపదగినదేమనగా, ప్రభువు చెడ్డ కన్నునుండి కాపాడుకొను ఉపాయము చెప్పలేదు. నీ కన్ను ఎటువంటిదని అడిగెను. దిష్టి తగులునని భయపడువానిని, దిష్టి పెట్టువాడవు నీవే కావచ్చునని నిలదీసెను. కూలి అందరికీ సమానముగా ముట్టిన తోటలో ఆ ప్రశ్న అడిగెను. దిష్టికి సువార్త ఇచ్చే జవాబు ఇదే: శక్తికి ఎదురు శక్తి కాదు, కడుపుమంటకు ఎదురుగా దేవుని ఔదార్యము.

ఇది మాటల పట్టింపు కాదు. రోగమును తప్పుగా గుర్తిస్తే మందు ప్రాణము తీస్తుంది. దిష్టిని శక్తిగా భావించి దానికి విడుదల ప్రార్థన చేసే కాపరి, "ఎవరో నీ బిడ్డమీద కన్ను వేశారు" అనే అనుమానమునకు ఆమేను చెప్పినవాడవుతాడు. అప్పుడు ఆ ఎవరో ఎవరని ఇంటివారు వెదకడము మొదలుపెడతారు. సాధారణముగా ఆ వ్రేలు విధవరాలి మీదికో, బిడ్డలు లేనిదాని మీదికో, వీధి చివరనున్న పేదముసలిదాని మీదికో వెళ్తుంది. తెలంగాణ పల్లెలలో బాణామతి, చేతబడి అను అనుమానముతోను, తూర్పు కనుమల గిరిజన ప్రాంతములలో చిల్లంగి అను అనుమానముతోను మనుష్యులను కొట్టుట, పండ్లు ఊడగొట్టుట, చంపుట జరిగినది. నిమ్మకాయనుండి హత్యవరకు దూరము చాలా ఉన్నదని మేము ఎరుగుదుము. అయినను దారి ఒక్కటే. పొరుగువానిని శత్రువుగా చూచుట ఆ దారిలో మొదటి అడుగు.

5. రెండవ కొరత: సంఘము కూడినప్పుడు ఎవరు మాటలాడుతారు?

సంఘము కూడి విచారించవలెనని హీబర్ట్ చెప్పినది సరియే. మన సంఘములలో కూడికయనగా ఏమి? కాపరి, కార్యదర్శి, కోశాధికారి, నలుగురు పెద్దలు. వారందరూ పురుషులు. ఇంటి రక్షలు చేయువారు తల్లులు, అత్తలు, అమ్మమ్మలు. చేయనివారు కూర్చుండి, చేయువారిని గురించి తీర్మానము వ్రాస్తే అది విచారణ కాదు, తీర్పు. అటువంటి తీర్మానము తరువాత నిమ్మకాయ గుమ్మము దిగి బియ్యపు డబ్బాలోనికి పోవును. అది చాటునకు పోవునని హీబర్ట్ హెచ్చరించినదే. మనము ఆయన పద్ధతి పేరనే దానిని చాటునకు పంపుచున్నాము.

హీబర్ట్ మధ్య అంతస్తును "ప్రశ్నల" అంతస్తుగా చిత్రించాడు: నా బిడ్డకే ఎందుకు జబ్బు చేసినది? రేపేమి జరుగును? ఇది పండితుని చూపు. మూడుమార్లు చేయి త్రిప్పి మిరపకాయలు నిప్పులో వేసే తల్లిని అడిగితే ఆమె సిద్ధాంతమేమీ చెప్పదు. "మా అమ్మ చేసేది, నేనూ చేస్తున్నాను. పోతే ఏమున్నది, గుప్పెడు ఉప్పు" అంటుంది. ఆమె అడిగినది ప్రశ్న కాదు, చేసినది సేవ. ఆమె చేతినుండి ఉప్పు తీసివేసి, ఆ చేతికి ఏ పనీ ఇవ్వకుండా, "విశ్వసించుము" అని చెప్పి వచ్చుట సులభము. రాత్రి పన్నెండు గంటలకు జ్వరము మీదనున్న బిడ్డ ప్రక్కన కూర్చుండునది ఆమెయే గాని మనము కాము.

మన పూర్వపు మిషనులలో బైబిలు స్త్రీలుండిరి. ఇంటింటికి వెళ్ళి, వంటింటి గడపమీద కూర్చుండి, వాక్యము చెప్పుటతో పాటు బాలింతలను, పసిబిడ్డలను చూచినవారు వారే. ఆ పరిచర్య అనేక సంఘములలో సన్నగిల్లినది. ఇంటి రక్షలను గురించిన వేదాంతమునకు నిజమైన సభాస్థలము ఆ గడపయే. పెద్దల కూటము చేయలేని విచారణను ఆ గడప చేయగలదు.

6. మూడవ కొరత: బదులు వస్తువులు

ప్రార్థనను మంత్రముగా మార్చే క్రైస్తవ మాంత్రికత రాగలదని హీబర్ట్ హెచ్చరించాడు. అయితే పాత ఆచారము స్థానములో క్రొత్త ఆచారము ఉండవలెనన్న ఆయన సలహాను మనవారు చాలా తేలికగా తీసుకున్నారు. ఫలితము కళ్ళ ఎదుటనే ఉన్నది. నిమ్మకాయ పోయి ప్రార్థన చేసిన నూనె సీసా వచ్చినది. తాయెత్తు పోయి అభిషేకించిన చేతిరుమాలు వచ్చినది. దిష్టిబొమ్మ పోయి గుమ్మము మీద వాక్యపు స్టిక్కరు వచ్చినది. 91వ కీర్తన తలగడ క్రిందికి పోయినది. వస్తువు మారినది గాని దానిమీద పెట్టిన నమ్మిక స్వభావము మారలేదు. నిజము చెప్పవలెనంటే స్థితి కొంత చెడినది కూడా: నిమ్మకాయ రెండు రూపాయలకు అంగడిలో దొరికేది, నూనెకు కానుక పెట్టవలసి వచ్చినది, ఇంటి అమ్మమ్మ చేసినదానిని వేదిక మీది బోధకుడు చేయుచున్నాడు. ఇంటి రక్షకు లేని నిపుణుడు, రుసుము రెండును దీనికి వచ్చినవి.

అపొస్తలుల కార్యములు 19:12లో పౌలు శరీరమునకు తగిలిన చేతిగుడ్డలు రోగులయొద్దకు కొనిపోబడెను గదా అని కొందరందురు. అదే అధ్యాయమును చివరివరకు చదువవలెను. ఆ వెంటనే యేసు నామమును మంత్రముగా వాడబోయిన స్కెవ కుమారులు గాయములతో పారిపోయిరి. తరువాత విశ్వాసులు ఏబది వేల వెండి రూకల విలువగల మాంత్రిక పుస్తకములను కాల్చివేసిరి. లూకా చెప్పినది వస్తువుల మహిమను గాదు, నామమును వశపరచుకొనజూచుటలోని అపాయమును. పైగా పౌలు చేతిగుడ్డలు అమ్మినట్లు ఎక్కడను లేదు.

7. లేఖనము, ప్రాచీన సంఘము చూపిన విచక్షణ

మొక్కను గురించి లేఖనములో మూడు సంగతులను ప్రక్కప్రక్కన పెట్టి చదువదగును. హిజ్కియా పుండుమీద యెషయా అంజూరపు పండ్ల ముద్ద వేయించెను (2 రాజులు 20:7). ఇది మందు. ప్రార్థన, మందు ఒకే గదిలో ఉన్నవి. రెండవది ఆదికాండము 30వ అధ్యాయములోని పుత్రదాత వృక్షపు పండ్లు. గర్భము కొరకు రాహేలు వాటిని లేయా యొద్ద సంపాదించుకొనెను. పండ్లు రాహేలు చేతిలో ఉండగా గర్భవతియైనది లేయా. రాహేలు గర్భము ధరించినది చాలకాలమునకు, దేవుడు ఆమెను జ్ఞాపకము చేసికొనినప్పుడు. ఆశ్చర్యమేమనగా గ్రంథకర్త రాహేలును గద్దింపలేదు. ఆమె ఆరాటమును దాచనూ లేదు. కథను చెప్పి, బిడ్డ ఎక్కడనుండి వచ్చెనో చూపి ఊరకుండెను. గొడ్రాలనిపించుకొనుచున్న స్త్రీ చేతిలోని వేరును చూచినప్పుడు కాపరికి ఈ అధ్యాయము కంటె మంచి పాఠము లేదు.

మూడవది మొక్క కాదు గాని ఈ వరుసలోనిదే. ఇత్తడి సర్పమును చేయుమని చెప్పినది దేవుడే (సంఖ్యాకాండము 21). అయినను ఇశ్రాయేలీయులు దానికి ధూపము వేయుచున్నప్పుడు హిజ్కియా దానిని పగులగొట్టెను (2 రాజులు 18:4). వస్తువునకు మంచి పుట్టుక ఉండుట చాలదు. కొవ్వొత్తి సంఘమునుండి వచ్చినదనియు, నూనె యాకోబు పత్రికనుండి వచ్చినదనియు చెప్పుకొనుట దానికి శాశ్వతమైన రక్షణ కాదు. అంజూరపు ముద్ద వేయించుకొనిన రాజు, సర్పమును పగులగొట్టిన రాజు ఒక్కడే అనుట మరువరాదు.

ప్రాచీన సంఘము కూడా ఈ విచక్షణను ఎరుగును. క్రైస్తవ బోధను గురించి వ్రాసిన గ్రంథపు రెండవ భాగములో అగస్టీను, ఒక మూలికను నలిపి త్రాగుటకును, అదే మూలికను మెడలో కట్టుకొనుటకును గల భేదమును చూపెను. మొదటిది వైద్యము కావచ్చును, రెండవదానిని అనుమానించవలెను. ఉపకారము ఎట్లు కలుగుచున్నదో తెలియని చోట, ఏ ఉద్దేశముతో వాడుచున్నామో చూచుకొనుమని ఆయన సలహా.

అంతియొకయలో బోధించిన యోహాను క్రిసోస్తోము మరింత దగ్గరగా మన ఇంటికి వస్తాడు. కొరింథీయుల మొదటి పత్రికపై పండ్రెండవ ప్రసంగములో ఆయన రెండు ఆచారములను ఖండించెను. బిడ్డకు పేరు పెట్టుటకు అనేక దీపములు వెలిగించి, వాటికి పేర్లు పెట్టి, ఎక్కువసేపు వెలిగిన దీపము పేరు బిడ్డకు పెట్టుట ఒకటి. కన్ను తగులకుండ బిడ్డ నొసట మట్టి పూయుట మరొకటి. పదునారు శతాబ్దముల క్రితము, వేరొక దేశములో, మన దిష్టిచుక్కకు తోబుట్టువు! ఆ నుదుట సిలువ గురుతు వేయుమని ఆయన చెప్పెను. అది కూడా బదులు గుర్తే గదా అని అడుగవచ్చును. అందుకే మత్తయి సువార్తపై ప్రసంగములలో ఆయన, సిలువను వ్రేలితో గీయుట చాలదు, విశ్వాసముతో గీయవలెనని హెచ్చరించెను.

అయితే క్రిసోస్తోముతో మేము విభేదించు చోటు ఒకటున్నది. కొలొస్సీ పత్రికపై ప్రసంగములో ఆయన, చనిపోవుచున్న బిడ్డకు తాయెత్తు కట్ట నిరాకరించిన తల్లిని హతసాక్షితో సమానముగా పొగడెను. ఆమె విశ్వాసము గొప్పదే. కాని ఆ భారమంతయు తల్లి ఒక్కతె భుజము మీద పెట్టుటకు సంఘమునకు హక్కెక్కడిది? తాయెత్తు వద్దనే సంఘము ఆ రాత్రి ఆటో పిలిపించవలెను, ఆసుపత్రికి తోడు వెళ్ళవలెను.

పదహారవ శతాబ్దపు ఇంగ్లండులో సంస్కర్తలు 1548లో ఆశీర్వదించిన కొవ్వొత్తులను, మట్టలను దేవాలయముల నుండి తీసివేసిరి. సంఘము రక్షణ వస్తువులను మానిపించిన తరువాత ఆ అవసరము పల్లెలోని నాటు మంత్రగాండ్ర వైపు మరలెనని చరిత్రకారుడు కీత్ థామస్ 1971లో వ్రాసెను. 1842లో గుంటూరు చేరిన లూథరన్ హయ్యరు మొదలుకొని మన ప్రొటెస్టంటు మిషనరీలు ఆ సంస్కరణకు వారసులు. ఇల్లు ఊడ్చుట వారికి బాగుగా తెలియును. ఊడ్చిన ఇంటిలో ఏమి పెట్టవలెనో మనకు విడిచిపెట్టిరి.

8. కాపరికి నాలుగు ప్రశ్నలు

పై విమర్శనుండి ఆచరణకు ఉపకరించు నాలుగు ప్రశ్నలను సూచించుచున్నాము. ఇవి నిమ్మకాయకు, కొవ్వొత్తికి, నూనెకు సమానముగా వర్తించును.

మొదటిది: ఇది మందా, గుర్తా, రక్షా? వావిలాకు స్నానము మందు. దానిని ఆక్షేపింప పనిలేదు. సమాధిమీది కొవ్వొత్తి పునరుత్థాన నిరీక్షణకు గుర్తు కావచ్చును. తనంతట తానే కీడును ఆపునని నమ్మినది రక్ష. ఒకే వస్తువు ఒక ఇంట గుర్తుగా, మరొక ఇంట రక్షగా ఉండవచ్చును. కాబట్టి వస్తువును గాక మనిషిని అడుగవలెను. మందు అనిపించుకొనినదానిని కూడా వైద్యుని అడుగవలెను. పుట్టిన బిడ్డకు వస అరగదీసి నాకించుట మంచిది కాదని వైద్యులు చెప్పుచున్నారు. కామెర్లకు పసరు, పాముకాటుకు మంత్రము అని కాలము గడుపుట ప్రాణాంతకము.

రెండవది: దేవుడు కాదనినప్పుడు దీని అర్థమేమగును? వెలిగించిన కొవ్వొత్తి తరువాత కూడా బిడ్డ చనిపోతే, ఆ కొవ్వొత్తి ప్రార్థనగా నిలుచునా, పనిచేయని యంత్రముగా పారవేయబడునా? ప్రార్థన అయితే గెత్సేమనేలో దానికి చోటున్నది. రక్షకు గెత్సేమనే లేదు.

మూడవది: దీని వెనుక ఎవరిమీద అనుమానమున్నది? ఒక పేరు బయటకు వచ్చినచో, ప్రార్థనకంటె ముందు ఆ పేరుగల మనిషి ఇంటికి వెళ్ళవలసినది కాపరియే. ఆమెతో కలిసి భోజనము చేయవలెను. ఊరందరు చూచునట్లు చేయవలెను.

నాలుగవది: దీనివలన ఎవరికి డబ్బు వచ్చుచున్నది? ఈ ప్రశ్నను మొదట మన వేదికలను అడిగి, తరువాత ఊరి మంత్రగాని అడుగుదము. యెహెజ్కేలు 13వ అధ్యాయములో చేతికీళ్ళకు కట్లు కుట్టినవారిమీద ప్రవక్త మోపిన నేరములలో చారెడు యవలకు, రొట్టెముక్కలకు ఆశపడుట కూడా ఉన్నది.

9. ముగింపు

హీబర్ట్ మనకు మధ్య అంతస్తును చూపించాడు. ఆ అంతస్తులో ఆత్మలు, శక్తులు మాత్రమే గాక పొరుగువారు కూడా కాపురమున్నారని మా మనవి. మత్తయి 23:5లో పరిసయ్యులు ధరించినవాటిని మన తెలుగు బైబిలు "రక్షరేకులు" అన్నది. ధర్మశాస్త్రపు మాటలుంచిన ఆ కట్లకు గ్రీకులో వాడిన పదమునకును రక్ష అనియే అర్థము. ప్రభువు అక్కడ ఖండించినది వాటిని కట్టుకొనుటను గాదు, నలుగురికి కనబడుటకు వెడల్పు చేయుటను. దేవుని వాక్యము కూడా రక్షరేకుగా మారగలదని, అప్పుడు అది ప్రదర్శనకు పనికివచ్చునే గాని బ్రతుకునకు పనికిరాదని అది మనకు హెచ్చరిక.

కాబట్టి తరువాతి గృహదర్శనములో గుమ్మమున నిమ్మకాయ కనబడితే దానిని తెంపుటకు తొందరపడవద్దు. లోపలికి వెళ్ళి కూర్చుండి, ఈ ఇంటిలో ఎవరికి ఒంట్లో బాగాలేదని అడగండి. ప్రక్క ఇంటివారితో మాటలున్నవా అని అడగండి. బిడ్డను డాక్టరుకు చూపించినారా అని అడగండి. ఆ మూడు ప్రశ్నలకు సంఘము జవాబుదారి అయిననాడు నిమ్మకాయను తీయవలసినవారు మనము కాము. ఆ ఇంటి తల్లియే తీయును.